మూ పింగ్ ఇంట్లో చేస్తే ఎందుకు మాడి, ఎండిపోతోంది? బ్యాంకాక్ బండి మీది రుచి రావాలంటే

మీ ప్రశ్న చదివాను. బ్యాంకాక్‌లో పొద్దున్నే రోడ్డు పక్కన కొనుక్కు తిన్న మూ పింగ్, అంటే నిప్పుల మీద కాల్చిన పంది మాంసం పుల్లలు, మెత్తగా, కాస్త తియ్యగా, పొగ వాసనతో ఉన్నాయనీ, విశాఖలో మీ మేడ మీద రెండుసార్లు చేస్తే రెండుసార్లూ పైన నల్లగా మాడి లోపల చెక్కలా ఎండిపోయాయనీ రాశారు. కొవ్వు తీయించిన తొడ మాంసం, అల్లం వెల్లుల్లి ముద్ద, నిమ్మరసం, సోయా సాస్, తేనె వాడానన్నారు. వచ్చే నెల 20 మందికి పెట్టాలి, మసాలాలో ఏం తగ్గిందో చెప్పమన్నారు.

మసాలా కొంత మార్చాలి, అది చెప్తాను. కానీ మాంసం గట్టిపడటానికి అసలు కారణాలు వేరే ఉన్నాయి. కొవ్వు లేని ముక్క కొన్నారు, దాన్ని మందంగా కోశారు, ఎర్రగా మండే నిప్పు మీద పెట్టారు. ఈ మూడూ సరిచేసుకుంటే మసాలా కాస్త అటూ ఇటూ అయినా పుల్ల మెత్తగానే వస్తుంది. ఇవి సరిచెయ్యకుండా ఎంత మంచి సాస్ పోసినా ఫలితం మారదు.

నేను ఉద్యోగరీత్యా బ్యాంకాక్‌లో తొమ్మిదేళ్ళున్నాను. మా సందు మొదట్లో (అక్కడ సందుని సోయ్ అంటారు) ఒక పెద్దావిడ తెల్లారుజామున అయిదున్నరకల్లా బండి పెట్టేది. ఆవిడని నేను ‘పా’ అని పిలిచేదాన్ని. థాయి భాషలో పా అంటే అమ్మకో నాన్నకో అక్క వరస, మనం పెద్దమ్మ అన్నట్టే. బడి పిల్లలు, ఆఫీసులకి పోయేవాళ్ళు, నారింజ రంగు జాకెట్లు వేసుకున్న మోటారు సైకిల్ టాక్సీ వాళ్ళు, అందరూ ఆ బండి దగ్గరే ఆగేవాళ్ళు. రెండు పుల్లలు, చిన్న ప్లాస్టిక్ సంచిలో గుప్పెడు జిగురన్నం, అంతే. నడుస్తూనే టిఫిన్ అయిపోయేది. ఆవిడ పక్కన నిలబడి చూసి చూసి నేర్చుకున్నదీ, హైదరాబాద్ తిరిగి వచ్చాక ఇక్కడ దొరికే సరుకులతో ఎన్నోసార్లు చేసి సరిచూసుకున్నదీ కలిపి చెప్తున్నాను.

థాయిలో మూ అంటే పంది, పింగ్ అంటే నిప్పుల మీద కాల్చడం. అరటిపండు కాల్చినా పింగే, రొట్టె కాల్చినా పింగే. పసుపు పట్టించి, వేరుశనగ సాస్‌తో, దోసకాయ ముక్కల పులుపుతో ఇచ్చే పుల్లలు వేరు. వాటిని మూ సతే అంటారు. రెండూ పుల్లకి గుచ్చినవే కావడంతో ఇంటర్నెట్ వంటల్లో ఈ రెంటినీ కలిపేస్తున్నారు. మూ పింగ్‌లో పసుపు ఉండదు, వేరుశనగ ఉండదు, అల్లం కూడా ఉండదు.

ముందు మాంసం సంగతి. పంది మెడ భాగం అడగండి. థాయిలాండ్‌లో దీన్ని ‘సన్ ఖో మూ’ అంటారు. అది దొరక్కపోతే భుజం. ఈ రెండు చోట్లా కండ మధ్యలో కొవ్వు సన్నటి చారలుగా అల్లుకుని ఉంటుంది. తొడ కండలో అది ఉండదు. మాంసం వేడెక్కేకొద్దీ కండ పోగులు ముడుచుకుని లోపలి నీటిని బయటికి పిండేస్తాయి. మధ్యలో కొవ్వుంటే అది కరిగి ఆ పోగుల మధ్య నిలుస్తుంది కాబట్టి నీరు కొంత పోయినా నోటికి మెత్తగా తగులుతుంది. మనవాళ్ళకి ‘కొవ్వు లేకుండా ఇవ్వు బాబూ’ అనడం అలవాటు. కూరకైతే అది మీ ఇష్టం, దీనికి మాత్రం అలా అడగొద్దు. పైగా కిలో మాంసానికి 150 నుంచి 200 గ్రాముల వీపు కొవ్వు విడిగా అడిగి తీసుకోండి. గట్టిగా, తెల్లగా ఉండాలి. పొట్ట లోపలి మెత్తటి కొవ్వు పనికిరాదు, నిప్పు తగలగానే కారిపోతుంది.

ఎక్కడ కొనాలన్నది ఇంకా ముఖ్యం. ఊళ్ళో తిరిగే పందులది వద్దు. ఫారంలో పెంచిన సీమ పంది మాంసం, శుభ్రంగా చల్లటి పెట్టెలో పెట్టి అమ్మే చోట తీసుకోండి. కోసేటప్పుడు కండలో బియ్యం గింజల్లాంటి తెల్లటి బుడిపెలు కనబడితే ఆ మాంసం మొత్తం పారేయాలి, ఒక్క ముక్క కూడా వాడకూడదు. అవి బద్దెపురుగు తిత్తులు. సరిగ్గా ఉడకని మాంసంతో ఆ పురుగు కడుపులో చేరుతుంది. దాని గుడ్లు చేతుల ద్వారానో నీళ్ళ ద్వారానో నోట్లోకి పోతే మెదడులో తిత్తులు కట్టి మూర్ఛలు వస్తాయి. మన దేశంలో ఇది అరుదైన జబ్బేమీ కాదు. అందుకని మూ పింగ్ ఎప్పుడూ పూర్తిగా ఉడికి ఉండాలి, మధ్యలో గులాబీ రంగు మిగలకూడదు. మాంసంలో గుచ్చి చూసే థర్మామీటర్ ఉంటే లావుపాటి పుల్ల మధ్యలో 70 డిగ్రీల సెల్సియస్ దాటిందో లేదో చూసుకోండి. కొవ్వున్న మెడ మాంసం, పలచటి కోత అయితే అంత వేడికి కూడా ఎండిపోదు. భయంతో మరీ ఎక్కువ కాల్చేసే అవసరం ఉండదు.

కొయ్యడానికి ముందు మాంసం దిమ్మని 45 నిమిషాల నుంచి గంట దాకా ఫ్రీజర్‌లో పెట్టండి. రాయిలా గడ్డకట్టక్కర్లేదు, వేలితో నొక్కితే పైన గట్టిగా ఉంటే చాలు. అప్పుడు కత్తి జారకుండా 3, 4 మిల్లీమీటర్ల మందాన కోయొచ్చు. కండ పోగులు ఎటు సాగి ఉన్నాయో చూసి వాటికి అడ్డంగా కోయండి. నిలువుగా కోస్తే పొడుగు పోగులు పొడుగ్గానే మిగిలి పళ్ళకి తగులుతాయి, అడ్డంగా కోస్తే అవి పొట్టి ముక్కలైపోతాయి. ఒక్కో ముక్క మూడు వేళ్ళ వెడల్పు, వేలంత పొడుగు ఉంటే సరి. మీరు ఘనాకారంగా అంగుళం అంగుళం ముక్కలు కోశానన్నారు. అది కబాబ్ కోత. దానికి నిప్పూ వేరు, పద్ధతీ వేరు. కొవ్వుని మాత్రం చిన్న చిన్న చదరపు ముక్కలుగా, శనగబద్దకి నాలుగింతలు ఉండేలా తరగండి.

ఇక మసాలా. థాయి వంటలో ‘సామ్ క్లో’ అని ఒక ముద్ద ఉంది, ముగ్గురు నేస్తాలు అని అర్థం. కొత్తిమీర వేళ్ళు, వెల్లుల్లి, తెల్ల మిరియాలు. మూ పింగ్ వాసనకి పునాది ఇదే. కొత్తిమీర వేళ్ళు వంటలో వాడతారా అని మనకి ఆశ్చర్యంగా ఉంటుంది. ఆకుకి లేని ఘాటూ మట్టి వాసనా వేరులో ఉంటాయి, కాల్చినా పోవు. ఈ విషయంలో మనం అదృష్టవంతులం. మన రైతు బజారులో కట్ట వేళ్ళతో సహానే వస్తుంది, మనమే వాటిని తెంపి పారేస్తాం. అమెరికాలో ఉన్న మా చెల్లెలికి అక్కడి దుకాణాల్లో వేళ్ళు కోసేసిన కట్టలే దొరుకుతాయి, తను అడుగు కాడలు రెట్టింపు వేసి సరిపెట్టుకుంటుంది. వేళ్ళని నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది మట్టి పోగొట్టండి. ఇసుక ఒక్క రేణువు మిగిలినా పుల్ల మొత్తం పాడవుతుంది.

కిలో మాంసానికి కొత్తిమీర వేళ్ళు 8 (వేలెడు కాడతో సహా), నాటు వెల్లుల్లి రెబ్బలు 12, తెల్ల మిరియాలు ఒకటిన్నర చెంచా. ముందు మిరియాలు పొడి చేసి, తరవాత వేళ్ళు, చివర వెల్లుల్లి వేసి చిన్న రోట్లో మెత్తగా దంచండి. మిక్సీలో వేస్తే నీళ్ళు పొయ్యాల్సి వస్తుంది, ముద్ద పలచబడుతుంది. నల్ల మిరియాలు తెల్ల మిరియాలు ఒకే కాయలు. పండిన కాయల్ని నానబెట్టి పైతోలు తీసేస్తే తెల్లవి. ఆ నానడం వల్లే వాటికో ప్రత్యేకమైన వాసన వస్తుంది. అందుకని దొరికితే తెల్లవే వాడండి.

తీపికి అక్కడ తాటి బెల్లమో కొబ్బరి నీరాతో కాచిన బెల్లమో వాడతారు. పెచ్చబురి అనే ఊరు తాటి బెల్లానికి పేరు, సముత్ సోంగ్‌ఖ్రామ్ వైపు కొబ్బరి బెల్లానికి పేరు. పెచ్చబురి వెళ్ళినప్పుడు పొలం గట్ల మీద తాటిచెట్ల వరసలు చూసి మా అమ్మమ్మగారి ఊరు గుర్తొచ్చింది. చెట్టు అదే, బెల్లం కాచే తీరూ దాదాపు అదే. కాకపోతే అక్కడ అమ్మేది లేత రంగులో, మెత్తటి ముద్దగా ఉంటుంది. మనది బాగా ముదురు కాచి నల్లగా, ఘాటుగా ఉంటుంది. మన తాటి బెల్లం పూర్తిగా వేస్తే దాని రుచే పైకి వస్తుంది. అందుకని నేను 50 గ్రాముల తాటి బెల్లం, 25 గ్రాముల పంచదార కలిపి వేస్తాను. ఇక్కడి సరుకుతో నాకు కుదిరిన పాళ్ళివి. తేనె వద్దు, అది బెల్లం కంటే తొందరగా మాడుతుంది. మీ పుల్లలు నల్లబడటంలో దానికీ వాటా ఉంది.

సాస్‌లు: ఆయిస్టర్ సాస్ 3 పెద్ద చెంచాలు, పలచటి సోయా సాస్ 2 పెద్ద చెంచాలు, ఫిష్ సాస్ ఒక పెద్ద చెంచా, రంగు కోసం నల్ల సోయా సాస్ ఒక చిన్న చెంచా. మన కిరాణా కొట్లలో సోయా సాస్ అని అడిగితే సాధారణంగా నల్లటిది ఇస్తారు, సీసా మీద లైట్ అని ఉందో లేదో చూసుకోండి. నల్లదే రెండు చెంచాలు పోస్తే పుల్లలు కాల్చకముందే బొగ్గు రంగులో ఉంటాయి, ఎప్పుడు ఉడికిందో కంటికి తెలీదు. ఫిష్ సాస్ వాసన మొదటిసారి చూసినవాళ్ళకి గాఢంగా అనిపిస్తుంది, కాల్చాక ఆ వాసన ఉండదు, కమ్మదనం మిగులుతుంది. సాస్‌లన్నిట్లో ఉప్పుంది కాబట్టి విడిగా ఉప్పు వెయ్యొద్దు.

నిమ్మరసం, పెరుగు రెండూ వద్దు. మన కబాబ్ అలవాటు కొద్దీ చెయ్యి అటు పోతుంది, నాకూ మొదట్లో పోయింది. ఇంత పలచటి ముక్కల్లోకి పులుపు త్వరగా దిగి పైపైన పిండిలా చేసేస్తుంది, కాల్చినప్పుడు నీరు నిలవదు. వంటసోడా కొందరు బండివాళ్ళు వేస్తారు. కిలోకి అర చెంచా దాటితే సబ్బు రుచి వస్తుంది. మెడ మాంసానికి అసలు దాని అవసరమే లేదు.

కలిపే వరస కూడా పట్టించుకోండి. ముందు దంచిన ముద్ద, కరిగించిన బెల్లం, సాస్‌లు మాత్రమే మాంసంలో వేసి, చపాతీ పిండి కలిపినట్టు అయిదారు నిమిషాలు చేత్తో గట్టిగా పిసకండి. సాస్‌లోని ఉప్పు మాంసం పైపొరలోని ప్రొటీన్‌ని కరిగిస్తుంది, ముక్కలు ఒకదానికొకటి అంటుకునేలా జిగురుగా మారతాయి. గిన్నె అడుగున సాస్ మిగలకుండా మాంసమే పీల్చేసుకుంటుంది. ఆ జిగురే తరవాత నిప్పు మీద నీటిని పట్టి ఉంచుతుంది. అప్పుడు ఒక పెద్ద చెంచా మొక్కజొన్న పిండి (దొరికితే కర్రపెండలం పిండి) వేసి కలిపి, చివర 150 మిల్లీలీటర్ల చిక్కటి కొబ్బరి పాలు పోసి కలపండి. కొబ్బరి పాలు ముందే పోస్తే దాని కొవ్వు ముక్కలకి పూత పట్టి ఉప్పుని లోపలికి పోనివ్వదు. కొబ్బరి పాల బదులు మామూలు పాలు పోసేవాళ్ళూ ఉన్నారు, బండి మీద ‘మూ పింగ్ నోమ్ సోత్’ అని రాసి ఉంటుంది, తాజా పాల మూ పింగ్ అని అర్థం. అదీ బాగుంటుంది, కాస్త తేలిక రుచి. నాకు మాత్రం కొబ్బరి పాలే ఇష్టం.

కనీసం నాలుగు గంటలు, వీలైతే రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. ఒక రోజు దాటితే ఉప్పు ఎక్కువ పట్టి హ్యామ్‌లా బిగుసుకుంటుంది.

గుచ్చడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో చేసేవాళ్ళందరూ ఇక్కడే తొందరపడతారు. వెదురు పుల్లలు 18 నుంచి 20 సెంటీమీటర్లవి తీసుకుని అరగంట నీళ్ళలో నానెయ్యండి. ముక్క ఒక అంచు దగ్గర గుచ్చి, మడిచి మళ్ళీ గుచ్చి, గుడ్డకి కుచ్చిళ్ళు పెట్టినట్టు మడతలు మడతలుగా ఎక్కించాలి. రెండు ముక్కలు ఎక్కాక ఒక కొవ్వు ముక్క, మళ్ళీ రెండు ముక్కలు. కొన దగ్గర కూడా ఒక కొవ్వు ముక్క పెడితే నిప్పు తగిలే చివర ఎండిపోకుండా ఉంటుంది. ముక్కల మధ్య ఖాళీ అస్సలు ఉండకూడదు. కబాబ్‌కి గాలి ఆడాలని సందు వదులుతాం, ఇక్కడ అన్నీ బిగించి అతుక్కున్నట్టు ఉండాలి. అప్పుడు పుల్ల మొత్తం ఒకే ముక్కలా పనిచేస్తుంది, బయటి పొర ఎర్రబడుతుంటే లోపలి మడతలు తమ ఆవిరిలోనే ఉడుకుతాయి. గుచ్చాక అరచేతిలో పెట్టి మెల్లగా నొక్కి, కాస్త చదునుగా చెయ్యండి. గుండ్రంగా ఉంటే బొంగరంలా తిరిగిపోతుంది, ఒక వైపే కాలుతుంది. ఒక్కో పుల్లకి 45 గ్రాముల చొప్పున కిలో మాంసం, కొవ్వు కలిపి 25 పుల్లల దాకా వస్తాయి.

ఇక నిప్పు. పెద్దమ్మ నిప్పులు రాజేసిన అరగంట దాకా ఒక్క పుల్ల కూడా పెట్టేది కాదు. ఎర్రటి బొగ్గు మీద తెల్లటి బూడిద పూర్తిగా కమ్మేదాకా ఆగేది. ఆ బూడిదే వేడికి పరదా. బొగ్గుకి అరచేతి ఎత్తున, అంటే ఓ 12 సెంటీమీటర్ల పైన చెయ్యి పెట్టి ఒకటి, రెండు అని లెక్కపెట్టండి. ఆరేడు దాకా ఓర్చుకోగలిగితే సరైన వేడి. మూడుకే చెయ్యి లాక్కుంటే ఇంకా ఆగాలి. ఇందులో బెల్లం ఉంది, ఆయిస్టర్ సాస్ ఉంది. మాంసం లోపల ఉడకడానికి పట్టే టైము కంటే ముందే ఇవి మాడిపోతాయి. మాడకుండా ఉడకాలంటే వేడి తగ్గించి సమయం పెంచడం ఒక్కటే దారి.

బొగ్గు విషయానికొస్తే అక్కడ మడ చెట్ల బొగ్గుకి గిరాకీ, నిదానంగా, పొగ లేకుండా మండుతుందని. మనకి తుమ్మ బొగ్గు బాగా పనిచేస్తుంది. కిరసనాయిలు పోసి అంటించకండి, ఆ వాసన మాంసం పీల్చుకుంటుంది. కొబ్బరి పీచు, ఎండు కొబ్బరి చిప్పలు అడుగున పెట్టి రాజేయండి. పాత కుంపటి ఉంటే నలుగురికి అది చాలు. 20 మందికైతే మేడ మీద ముందు ఇసుక పరిచి, దాని మీద ఇటుకలు వరసగా పేర్చి, వాటి మీదే బొగ్గు వెయ్యండి. నేరుగా శ్లాబు మీద వేస్తే పగుళ్ళు వస్తాయి. అటూ ఇటూ రెండు వరసల ఇటుకలు, మధ్య జానెడు కంటే తక్కువ సందు, పైన ఇనప జాలీ. మాంసం ఉన్న భాగం మాత్రం నిప్పు మీద, పట్టుకునే చివర ఇటుక బయటికి ఉండేలా పేర్చండి. బండ్ల మీద పొయ్యిలు సన్నగా పొడుగ్గా ఉండేది ఇందుకే, పుల్ల చివర కాలదు, చేత్తో తిప్పుకోవచ్చు.

పుల్లలు పెట్టాక పక్కకి వెళ్ళకండి. నిమిషానికోసారి తిప్పాలి. పైన రంగు మారి తెల్లబడ్డాక కొబ్బరి పాలు పుయ్యడం మొదలుపెట్టండి. ఒక గ్లాసు చిక్కటి పాలలో చిటికెడు ఉప్పు చాలు. లెమన్‌గ్రాస్ కాడ చివర దంచితే పీచుగా విచ్చుకుని కుంచెలా తయారవుతుంది, దాంతో పూస్తే వాసన కూడా బాగుంటుంది. పాలు పూసిన ప్రతిసారీ పై పొర చల్లబడి మాడకుండా ఆగుతుంది, నీరు ఆవిరయ్యాక మిగిలిన కొబ్బరి కొవ్వు, తీపి పొర మీద పొరగా ఎర్రగా కాలుతుంది. నిప్పు మీద పడిన చుక్కలు పొగలా లేచి మళ్ళీ మాంసాన్నే అంటుకుంటాయి. మీకు గుర్తుండిపోయిన ఆ పొగ వాసన అదే. మొత్తం 12 నుంచి 15 నిమిషాలు పడుతుంది, ఈ లోపు నాలుగైదుసార్లు పూస్తే చాలు. ఆఖరి మూడు నిమిషాలు పుయ్యడం ఆపి, పొడిగా కాలనివ్వండి. కుంచె పచ్చి మాంసానికి తగిలింది కాబట్టి గ్లాసులో మిగిలిన పాలు పారబోయండి, దాంతో ఇంకేమీ చెయ్యొద్దు.

కొవ్వు కారి మంట లేస్తే నీళ్ళు చల్లకండి, బూడిద లేచి మాంసం మీద పడుతుంది. పుల్లల్ని పక్కకి జరిపి, గుప్పెడు బూడిద ఆ మంట మీద వెయ్యండి. మంట నేరుగా తగిలితే వచ్చే నలుపు చేదుగా ఉంటుంది. అంచుల్లో అక్కడక్కడ బెల్లం కాలిన ముదురు మచ్చలు మాత్రం ఉండాలి, అవి లేకపోతే అది ఉడికించిన మాంసంలా ఉంటుంది.

బొగ్గు కుదరని రోజున ఓవెన్‌లో 220 డిగ్రీల మీద, పై కమ్మీ దగ్గర, జాలీ మీద పెట్టి తిప్పుతూ పావుగంట కాల్చినా మెత్తగా వస్తుంది. ఎయిర్ ఫ్రయర్‌లో 180 డిగ్రీల మీద 12 నిమిషాలు. మందపాటి ఇనప పెనం మీద సన్నటి సెగన కూడా చేయొచ్చు. పొగ వాసనకి, వేడి పుల్లల గిన్నె మధ్యలో చిన్న కటోరీలో రాజిన బొగ్గు పెట్టి, కరిగిన పంది కొవ్వు నాలుగు చుక్కలు వేసి అయిదు నిమిషాలు మూత పెట్టండి. నెయ్యి వెయ్యకండి, ఆ వాసన దీనికి నప్పదు.

నంజుకోవడానికి మీరడిగిన సాస్ ‘నామ్ చిమ్ జేవ్’. ఇది ఈశాన్ ప్రాంతపు సాస్, థాయిలాండ్ ఈశాన్య భాగం. నిజానికి పొద్దున్న పూట మూ పింగ్‌ని చాలామంది ఏ సాస్ లేకుండానే తింటారు. మీ భోజనం సాయంత్రం కాబట్టి చేసుకోండి. జిగురు బియ్యం రెండు పెద్ద చెంచాలు సన్నటి సెగ మీద ముదురు బంగారు రంగు వచ్చేదాకా పది నిమిషాలు వేయించి, రవ్వలా దంచండి. చిక్కటి చింతపండు గుజ్జు 3 పెద్ద చెంచాలు, ఫిష్ సాస్ 2, తురిమిన బెల్లం 1, నిమ్మరసం 1, వేయించి కచ్చాపచ్చాగా దంచిన ఎండుమిర్చి 1 పెద్ద చెంచా, సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయలు, కొత్తిమీర. ఈ పాళ్ళు నలుగురికి సరిపోతాయి. బియ్యప్పొడి వడ్డించే ముందు మాత్రమే కలపండి, లేకపోతే నాని ముద్దవుతుంది. మన గుంటూరు మిర్చి అక్కడి దంచిన కారానికి బాగా దగ్గరగా ఉంటుంది.

జిగురన్నం లేకుండా మాత్రం చెయ్యకండి. సోనా మసూరి మెత్తగా వండితే సరిపోతుందా అని అడిగారు, సరిపోదు. జిగురు బియ్యంలో అమైలోజ్ అనే పిండి పదార్థం దాదాపు ఉండదు, అందుకే ఆవిరి మీద వండినా గింజ గింజగా నిలుస్తూనే ఒకదానికొకటి అంటుకుంటుంది. చేత్తో చిన్న ఉండలా నొక్కి, మాంసంతో పాటు కొరుక్కు తింటారు. థాయి జిగురు బియ్యం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అస్సాం బోరా బియ్యం కూడా ఈ జాతిదే. రాత్రి నానబెట్టి, నీళ్ళు పూర్తిగా వార్చి, గుడ్డలో పరిచి ఆవిరి మీద 25 నిమిషాలు ఉంచాలి, మధ్యలో ఒకసారి మొత్తం తిరగెయ్యాలి. అక్కడ వెదురు బుట్టలో వండుతారు. మన ఇళ్ళలో పూర్వం కుండ మూతికి వాసెన కట్టి కుడుములు వండినట్టు చేసినా అచ్చం అలాగే వస్తుంది. ఇడ్లీ పాత్రలో చిల్లుల పళ్ళెం మీద పలచటి గుడ్డ పరిచినా సరే. నీళ్ళు పోసి మాత్రం వండొద్దు, జావ అయిపోతుంది.

మీ 20 మంది లెక్క: మనిషికి మూడు పుల్లల చొప్పున రెండున్నర కిలోల మాంసం, 400 గ్రాముల కొవ్వు, రెండు కిలోల జిగురు బియ్యం. ముందురోజు మధ్యాహ్నం కోసి, సాయంత్రం కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి. గుచ్చడానికి ఒక్కరికి రెండు గంటలు పడుతుంది, ఇద్దరిని తోడు పెట్టుకోండి. గుచ్చినవి పళ్ళెంలో పేర్చి మళ్ళీ ఫ్రిజ్‌లోనే ఉంచి, ఒక్కో విడతకి సరిపడా మాత్రమే బయటికి తియ్యండి. పెద్దమ్మలా ముందే సగం కాల్చి పక్కన పెట్టే పద్ధతి ఇంట్లో వద్దు. ఆవిడ చేతి కింద పుల్లలు పది నిమిషాలు కూడా ఆగేవి కావు, మీ మేడ మీద గంట ఆగిపోవచ్చు, సగం ఉడికిన మాంసం వేడిలో అలా ఉండకూడదు. పచ్చి పుల్లలు పెట్టిన పళ్ళెం, కాలినవి తీసే పళ్ళెం వేరువేరుగా ఉంచండి. పంది తినని అతిథులుంటే కోడి తొడ మాంసం ఇదే కొలతతో, మరో గిన్నెలో, మరో జాలీ మీద చెయ్యండి. మూడు గంటలు నానితే చాలు, దానికి కొవ్వు ముక్కల బదులు చర్మం ముక్కలు గుచ్చండి.

ఈ ఆదివారం అరకిలోతో ఒకసారి చేసి చూడండి. చేశాక ఒక పుల్లని మధ్యకి కోసి ఫొటో పెట్టండి, నిప్పు ఎక్కువైందో కోత మందమైందో చూసి చెప్తాను.